రెడ్డెప్పకు వినపడని రెండేళ్ళు

బ్యాండు పెడతామని మదనపల్లె కుర్రవాళ్ళు ఈమధ్య నా దగ్గరికి వస్తున్నారు. వచ్చి కూర్చుని, ఏ గిటారు కొనాలి, ఏ ఆంప్లిఫయర్ మంచిది అని అడుగుతారు. అవన్నీ షాపువాడు చెబుతాడు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. తొంభైల మొదట్లో మొదలుపెట్టి పదిహేనేళ్ళకు పైగా 'త్రీ ఫేజ్' అనే బ్యాండులో బేస్ గిటారు వాయించాను. అది మానేసి చాలా కాలమైంది. మానేసినందుకు బాధగా లేదా అని కూడా ఈ పిల్లలే అడుగుతారు. లేదు. సాయంత్రం పూట ఆకాశం మబ్బు పడితే, స్టేజీ మీద టార్పాలిన్ పట్ట కప్పారో లేదో అని గుండె కొట్టుకోకుండా, కాళ్ళు చాపుకుని టీ తాగడంలో ఎంత సుఖముందో వాళ్ళకు చెప్పినా ఇప్పుడు అర్థం కాదు.

అయినా అడిగారు కాబట్టి రాస్తున్నాను. మాకు ఎన్ని దండలు పడ్డాయి, ఏ పేపర్లో ఫొటో వచ్చింది అన్నవి ఇందులో ఉండవు. ఆ ఫొటోలో నేను కళ్ళు మూసుకుని ఉన్నాను, రెడ్డెప్ప సగమే ఉన్నాడు.

అసలు పని ఏమిటి

బయటివాళ్ళకు మా పని అంటే పాడటం, వాయించడం. లోపల చూస్తే ఎక్కువ భాగం మోయడం, కాచుకోవడం, బతిమాలడం. డ్రమ్ములు బస్సు టాపు మీదికి ఎక్కించడానికి కండక్టరును బతిమాలాలి. వోల్టేజీ సరిగా ఇవ్వమని మైక్‌సెట్ ఆయన్ను బతిమాలాలి. మేం సినిమా పాటలు పాడబోమని కమిటీవాళ్ళకు నచ్చజెప్పాలి. వాయించేది వీటన్నిటి మధ్య కాస్తంత. ఆ కాస్తంత కోసం మిగతాదంతా భరించాం. దీంతోనే ఇల్లు గడుస్తుందని మాత్రం ఎవరూ అనుకోకండి. పక్కన ఇంకో పని ఉండి తీరాలి.

మాకూ ఉండేవి. పాట, గిటారు కుమార్‌వి. వాళ్ళది బట్టల అంగడి. బెంగళూరులో చదువుకోడానికి పోయి, చదువు తేకుండా గిటారు తెచ్చుకున్నాడని వాళ్ళ నాన్న ఊరంతా చెప్పుకునేవాడు. డ్రమ్ములు రెడ్డెప్పవి. పుంగనూరు రోడ్డులో పంక్చర్ షాపు నడిపేవాడు. అంతకుముందు పెళ్ళి బ్యాండు మేళంలో సైడ్ డ్రమ్ము కొట్టేవాడు. నాకు రేడియోలు, టేప్‌రికార్డర్లు, మిక్సీలు రిపేరు చేసే చిన్న షాపు ఉండేది. కుమార్ ఆంప్లిఫయర్ పాడైతే బాగుచేయడానికి పోయి, అక్కడే ఉండిపోయాను. బేస్ గిటారుకు నాలుగే తీగలు కదా, నేర్చుకోవడం సులువని కుమార్ నమ్మించాడు. అది అబద్ధమని తెలిసేసరికి ఆలస్యమైంది.

నీరుగట్టువారిపల్లె తట్టు ఒక మగ్గాల షెడ్డు వెనక గదిలో సాధన చేసేవాళ్ళం. మగ్గాల మోతలో మా మోత కలిసిపోయి ఎవరూ తగువుకు వచ్చేవాళ్ళు కాదు. కుమార్ పాటలు మా మాటల్లోనే రాసేవాడు. టమోటా ధర పడిపోతే పాట, హాస్టలు సాంబారు మీద పాట, రాని బస్సు మీద పాట. వాటికి రాక్ సంగీతం కట్టి, ఆ మోతలో పాడితే జనం మొదట బిత్తరపోయేవాళ్ళు, తర్వాత నవ్వేవాళ్ళు, ఆ తర్వాత వాళ్ళూ అరిచేవాళ్ళు.

ఒకసారి క్యాసెట్టు వేద్దామని స్టూడియోకు పోయాం. అక్కడ ముగ్గురినీ మూడు చోట్ల కూర్చోబెట్టి, విడివిడిగా వాయించమన్నారు. తప్పు ఒక్కటీ దొర్లలేదు. ఇంటికొచ్చి వింటే మాకే నిద్ర వచ్చింది. ఆ క్యాసెట్టు బయటికి రాలేదు. మా పేరంతా స్టేజీ మీదదే.

పుంగనూరు ప్రెసిడెంటు

పుంగనూరులో మా మొదటి ప్రోగ్రాముకు జాతర కమిటీ ప్రెసిడెంటు చెంగప్ప అనే పాల వ్యాపారి. మేం డ్రమ్ములు దించుతుంటే వచ్చి చుట్టూ చూశాడు.

"ముగ్గురొచ్చినారే, మిగతావాళ్ళు యాడప్పా?"

"ఇంతేనండి, మేం ముగ్గురమే" అన్నాడు కుమార్.

"ఆర్కెస్ట్రా అంటే పదిమందన్నా ఉండల్ల. ఆడోళ్ళు పాడల్ల. మీరు ముగ్గురు మొగోళ్ళు వచ్చి ఏం జేస్తారు ఈడ?"

కుమార్ ఆయనకు రాక్ సంగీతం గురించి వివరించడం మొదలుపెట్టాడు. చెంగప్ప కాసేపు విని, చేయి అడ్డం పెట్టి, "నాకు పాఠం వద్దప్పా. వాయించండి, సూస్తాం" అని వెళ్ళిపోయాడు. ఆయన చదివింది ఏమిటో నాకు తెలియదుగానీ, ఆ మాట మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు. మీ సంగీతం గురించి స్టేజీ మీద ఉపన్యాసాలు చెప్పకండి. వాయించండి, చూస్తారు.

రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. గిటారు పోయింది, బేస్ పోయింది, మైకు పోయింది. నేనూ కుమార్ బొమ్మల్లా నిలబడ్డాం. రెడ్డెప్పకు కరెంటుతో పనేముంది? అతను ఆగలేదు. చీకట్లో పెళ్ళి మేళం దరువు ఎత్తుకుని, దాన్ని మా పాట లోపలికి లాక్కొచ్చి, మళ్ళీ మేళంలోకి తీసుకుపోయి, జనరేటరు అందుకునేదాకా జనాన్ని కూర్చోనివ్వలేదు. దీపాలు వచ్చేసరికి చెంగప్ప తువ్వాలు తలకు చుట్టుకుని ఎగురుతున్నాడు.

ఆ రోజు నుంచి చౌడేపల్లె, కుప్పం, చుట్టుపక్కల ఎక్కడికి పోయినా "కరెంటు పోయినా ఆగరంట" అని మా గురించి చెప్పుకున్నారు. ఆగనిది రెడ్డెప్ప ఒక్కడే. పేరు మాత్రం ముగ్గురికీ వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. పదిమంది ఉన్న ఆర్కెస్ట్రాలో ఒకరు తప్పు వాయిస్తే మిగతావాళ్ళు కప్పేస్తారు. ముగ్గురి బ్యాండులో ఒకరు తగ్గితే దాచడానికి చోటే ఉండదు.

నా కుడి భుజం

స్టేజీ మీద మేం ఎప్పుడూ ఒకరికొకరం ఎదురుగా నిలబడేవాళ్ళం. ఎవరు ఏం వాయిస్తున్నారో మాకు వినిపించేలా విడిగా స్పీకర్లు పెట్టేంత స్తోమత మేం వాయిస్తున్న ఊళ్ళలో ఎవరికీ లేదు. అందుకని చూసుకుంటూ వాయించడం అలవాటైంది. రెడ్డెప్ప తల ఊపితే నాకు అర్థమయ్యేది, నేను భుజం దించితే అతనికి అర్థమయ్యేది. జనానికి మా వీపులు ఎక్కువ కనిపించేవి. "ఈ తట్టు తిరగండప్పా!" అని అరిచేవాళ్ళు.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత ఒక మార్పు గమనించాను. రెడ్డెప్ప కుమార్‌ను చూడటం పూర్తిగా మానేశాడు. చూపంతా నా కుడి భుజం మీదే. నేను కాస్త పక్కకు తిరిగి చెమట తుడుచుకున్నా దరువు తడబడేది. మళ్ళీ తిరిగితే సర్దుకునేది. మొదట అలసట అనుకున్నాను. ఒకరోజు కావాలనే పరీక్ష పెట్టాను. పాట మధ్యలో రెండు సార్లు తిరిగాను. రెండు సార్లూ తడబడ్డాడు. మూడోసారి తిరగడానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పుడే వాళ్ళ ఇంటావిడ లక్ష్మమ్మ మిక్సీ జారు తీసుకుని నా షాపుకు వచ్చింది. జారు బాగానే ఉంది. ఆమె వచ్చింది దానికోసం కాదు.

"అన్నా, ఆయప్పకు ఏమో అయిందన్నా. పిలిస్తే పలకడంలా. వెనక నుంచి పాప నాయనా నాయనా అంటాంటే సూడనే సూడడు. కోపమొచ్చిందేమో అనుకోని పాప ఏడస్తాది."

"డాక్టరు దగ్గరికి పోదామని చెప్పినావా?"

"చెప్తే మండిపడతాడన్నా. నాకేం కాలేదు, గమ్మునుండు అంటాడు. నువ్వన్నా చెప్పన్నా."

సాయంత్రం పంక్చర్ షాపుకు పోయాను. రెడ్డెప్ప ట్యూబును నీళ్ళ తొట్టిలో తిప్పుతూ బుడగల కోసం చూస్తున్నాడు. వెనక నిలబడి పిలిచాను. ఇంకోసారి గట్టిగా పిలిచాను. ముందుకు వెళ్ళి నిలబడ్డాక తలెత్తి నవ్వాడు.

"యాల అట్ల దొంగమాదిరి వచ్చినావు?" అన్నాడు.

"పిలస్తానే ఉండాను రెడ్డెప్పా. నీకు ఇనపడలా."

నవ్వు పోయింది. చేతులు తుడుచుకుని, రోడ్డు వైపు చూశాడు.

"మా నాయనను సూసినావు కదా" అన్నాడు చివరికి.

చూశాను. వాళ్ళ నాన్న శనక్కాయల నూనె మిల్లులో పనిచేసి, మిషన్ల మోతకు చెవులు పోగొట్టుకున్నవాడు. పండగ రోజు అందరూ నవ్వుకుంటుంటే తనూ నవ్వేవాడు, ఎందుకో తెలియకుండానే. కాసేపటికి లేచి బయట మంచం మీదికి వెళ్ళిపోయేవాడు.

"మా ఇంట్లో వచ్చేది అదేప్పా. మా నాయనకు వచ్చింది, నాకూ వచ్చింది. డాక్టరు దగ్గరికి పోతే ఏమంటాడు? అదే అంటాడు. ఆయన నోట్లో నుంచి వచ్చినంక ఇంగ నేను డ్రమ్ము కట్టెలు పట్టుకోలేను. నీ భుజం కనపడినంత కాలం వాయిస్తా. కుమార్‌కు చెప్పద్దు."

నేను వాదించాను. లాభం లేకపోయింది. ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరింది: నేను ఎప్పుడూ అతనికి కనపడేలా నిలబడాలి. మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్ దాకా ఎన్నో స్టేజీల మీద నేను బేస్ ఒక చేత్తో, రెడ్డెప్పను ఒక భుజంతో మోశాను. భయం భయంగా మోశాను. ప్రతి పాట అయిపోగానే గండం గడిచిందనిపించేది. వెంటనే ఇంకో పాట మొదలయ్యేది.

కుప్పంలో

కుప్పంలో ఒక కాలేజీ వార్షికోత్సవం, మధ్యాహ్నం ప్రోగ్రాము. కుప్పం జనమంటే మాకు ప్రాణం. తెలుగులో మెచ్చుకుంటారు, తమిళంలో ఈలవేస్తారు, కన్నడంలో ఇంకో పాట అడుగుతారు. మా ముగ్గురికీ మంచి హుషారు పుట్టే చోటు అది.

పోయి చూస్తే స్టేజీ వెనక ఎత్తయిన దిమ్మె కట్టి డ్రమ్ములకు అక్కడ చోటు పెట్టారు. దిమ్మెకూ మాకూ మధ్య పెద్ద థర్మకోల్ తోరణం. దాని మీద కాలేజీ పేరు, పువ్వులు, హంసలు. ఆ హంసల వెనక కూర్చుంటే రెడ్డెప్పకు నేను కనపడను.

ఫంక్షన్ చూసుకుంటున్న లెక్చరర్ దగ్గరికి పోయి, డ్రమ్ములు కిందికి దించుతామన్నాను.

"అదెట్ల కుదురుతాదప్పా? పిల్లోళ్ళు రాత్రీ పగలూ కూర్చోని కోసినారు ఆ హంసల్ని. ఇప్పుడు కదిలిస్తే అంతా ఇరిగిపోతాది."

"మేం ఒకరినొకరు సూసుకోకుంటే వాయించలేం సార్."

"చెవులుండాయి కదప్పా, ఇనుకుంటా వాయించండి" అన్నాడాయన. మామూలుగానే అన్నాడు. పక్కనే రెడ్డెప్ప నిలబడి ఆయన పెదాల వైపు చూస్తున్నాడు. ఇంకా వాదించాలంటే అందరి ముందూ అసలు సంగతి చెప్పాలి.

"ఏం కాదులేప్పా, పదా" అని రెడ్డెప్ప దిమ్మె ఎక్కాడు.

మొదటి పాట అలవాటు మీద నడిచింది. రెండో పాటలో కుమార్ హుషారెక్కి ఒక చరణం రెండోసారి పాడాడు. అలా పాడటం అతనికి మామూలే. నేను భుజం దించాను. ఆ భుజం హంసలకు కనిపించింది. రెడ్డెప్ప పాట అయిపోయిందనుకుని ముగింపు దరువు కొట్టి ఆపేశాడు. కుమార్ పాడుతూనే ఉన్నాడు. దిమ్మెలో గిటారు అదురు ఇంకా తగులుతుంటే, ముందే ఆపేశానని భయపడి రెడ్డెప్ప మళ్ళీ మొదలుపెట్టాడు, వేరే చోట. గిటారు ఒక దారి, డ్రమ్ము ఒక దారి. నేను ఎటు పోవాలో తెలియక చేతులు తీసేశాను. కరెంటు పోయినా ఆగని బ్యాండు, కరెంటు ఉండగా ఆగిపోయింది. మూడు భాషల్లోనూ గోల చేశారు.

మమ్మల్ని సైన్సు ల్యాబులోకి పంపి తలుపు వేశారు. కుమార్ ముఖం ఎర్రగా ఉంది. రెడ్డెప్ప చొక్కా పట్టుకున్నాడు.

"తాగి వచ్చినావా?"

రెడ్డెప్ప కిందికి చూస్తున్నాడు. వినపడలేదు.

"నిన్నే అడిగేది! తాగినావా?"

రెడ్డెప్ప తల ఎత్తి నన్ను చూశాడు. కుమార్ ఏమన్నాడో నన్ను అడుగుతున్నట్టు చూశాడు. అప్పుడు కుమార్ చేయి దానంతటదే జారిపోయింది.

"నాకు ఇనపడడం లేదప్పా" అన్నాడు రెడ్డెప్ప. "రెండేండ్లయింది. మీకు నన్ను ఇడిసిపెట్టాలనుంటే ఇడిసిపెట్టండి. తప్పులేదు."

మా తర్వాత ప్రోగ్రాము ఇవ్వాల్సిన ఆర్కెస్ట్రా ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. పాపం మంచి మనసుతోనే అన్నాడు. "యాల ఇంత బాధ? రిథమ్ మిషను ఒకటి పెట్టుకోండి. అలిగేది లేదు, తప్పేది లేదు."

కుమార్ ఒప్పుకుంటాడని నేను అనుకున్నాను. పేరంటే పిచ్చి ఉన్న మనిషి. కానీ అతను ఆయన వైపు తిరిగి, "మిషను పక్కన నిలబడేదానికయితే నేను మా అంగట్లో గుడ్డలు కొలుచుకుంటా కూర్చుంటా" అన్నాడు. తర్వాత రెడ్డెప్పకు కనపడేలా ఎదురుగా వచ్చి, పెదాలు నిదానంగా కదుపుతూ చెప్పాడు. "రేపు డాక్టరు దగ్గరికి పోతాండాం. ముగ్గురమూ పోతాండాం. నువ్వు రాకపోతే ఎత్తుకోని పోతాం."

ఆ రోజు నుంచి కుమార్ ఎంత ప్రగల్భాలు పలికినా నేను ఏమీ అనలేదు.

ఫోర్కు

మదనపల్లెలో ఒక చెవి డాక్టరమ్మ అప్పుడే కొత్తగా క్లినిక్ పెట్టింది. మేం ముగ్గురం ఒకేసారి లోపలికి దూరితే, "పేషంటు ఎవరు?" అని అడిగింది. మా ముగ్గురి ముఖాలూ ఒకేలా ఉండి ఉంటాయి.

చెవిలోకి లైటు వేసి చూసింది. శ్రుతి పలికే రెండు కాళ్ళ ఇనుప ఫోర్కును తన మోచేతికి కొట్టి రెడ్డెప్ప చెవి దగ్గర పట్టింది. రెడ్డెప్ప తల అడ్డంగా ఊపాడు. వినపడలేదు. కుమార్ మాత్రం, "సి స్వరం కంటే రవంత తక్కువుండాది" అని గొణిగాడు. ఆ టైములో కూడా అతనికి శ్రుతే ముఖ్యం.

ఆమె ఫోర్కును మళ్ళీ కొట్టి, దాని కాడను రెడ్డెప్ప చెవి వెనక ఎముక మీద ఆనించింది.

రెడ్డెప్ప ముఖం మారిపోయింది. కళ్ళు పెద్దవి చేసి ఆమెను, మమ్మల్ని చూశాడు. "ఇనపడతాంది" అన్నాడు. "అమ్మా, బాగా ఇనపడతాంది. ఇంగోసారి పెట్టమ్మా!"

ఆమె నవ్వింది. "నరం పని చేస్తాందప్పా. శబ్దం పోయే దావలోనే ఏదో అడ్డం పడింది. చెవుల్లో ఏం పెట్టుకుంటావు నువ్వు?"

అప్పుడు బయటపడింది. వాయించేముందు రెడ్డెప్ప నువ్వుల నూనెలో దూది తడిపి రెండు చెవుల్లో కుక్కుకునేవాడు. డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి తాళాల మోతకు చెవులు పోకుండా. వాళ్ళ నాన్న నూనె మిల్లులో అలాగే చేసేవాడు, ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ప్రోగ్రాము అయ్యాక చేతికి అందినంత దూది తీసేసేవాడు. అందనిది లోపలే ఉండేది. దాని మీద మళ్ళీ వారం కొత్త దూది. లోపలికి సరిగ్గా పోవాలని డ్రమ్ము కర్ర వెనక కొసతో నెట్టేవాడట. వినపడటం తగ్గేకొద్దీ, మోత వల్లే తగ్గుతోందని ఇంకా ఎక్కువ కుక్కాడు.

కొన్నాళ్ళు చెవుల్లో చుక్కలమందు వేసుకుని మళ్ళీ రమ్మంది. రెండోసారి పోయినప్పుడు నల్లగా నూనె ఓడుతున్న దూది ముద్దలు ఒకదాని తర్వాత ఒకటి తీసి స్టీలు పళ్ళెంలో వేసింది. ఆ పళ్ళెం చూసి కుమార్ బయటికి పోయి నిలబడ్డాడు. రెండో చెవి అయిపోగానే రెడ్డెప్ప గబుక్కున పైకి చూశాడు.

"ఈ ఫ్యాను యాల ఇంత మోత పెడతాంది?"

"అది ఎప్పుడూ అంతేనప్పా" అంది డాక్టరమ్మ.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండేళ్ళుగా నా మెడ ఎంత బిగుసుకుపోయి ఉందో అప్పుడు తెలిసింది. ఆమె తిట్టిన తిట్లన్నీ మాకు దీవెనల్లాగే వినిపించాయి. తిట్లలో నిజమూ ఉంది. సన్నటి శబ్దాలు కొన్ని తాళాల మోతకు నిజంగానే పోయాయి, అవి ఇక రావు, ఇకముందు దూది ముట్టకూడదు, చెవులకు పెట్టుకునే రబ్బరు బిరడాలే వాడాలి, మోత తగ్గించాలి అని గట్టిగా చెప్పింది. పిల్లలూ, గిటారు కొనేముందు ఆ బిరడాలు కొనండి. నా దగ్గరికి వచ్చి వేరే ఏమీ అడగక్కర్లేదు.

తర్వాతి వారం రెడ్డెప్ప వాళ్ళ నాన్నను కూడా అక్కడికి తీసుకుపోయాడు. ఆయన చెవుల్లోనూ పాత దూది దొరికింది. తీసేశారు. కానీ మిల్లు తినాల్సింది తినేసింది. దగ్గరికి పోయి గట్టిగా మాట్లాడితే కొంచెం వినపడేది, అంతే. ఆ కొంచెంతో ఆయన మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని రోజూ ఏదో ఒకటి చెప్పమనేవాడు.

ఆ తర్వాత

మళ్ళీ మగ్గాల షెడ్డు వెనక గదిలో కలిశాం. ఒక పాట వాయించాం. సగంలో రెడ్డెప్ప కర్రలు పక్కన పెట్టాడు.

"ఆపండప్పా. ఏమిది?"

"ఏమైంది?" అన్నాడు కుమార్.

"నువ్వు పైస్థాయికి పోయినప్పుడు గొంతు జారతాంది. ఈయన మూడో తీగ శ్రుతిలో లేదు. ఎన్ని దినాలుగా ఇట్ల వాయిస్తాండారు మీరు?"

నేను తీగ సరిచూశాను. నిజంగానే లేదు. రెడ్డెప్పకు భుజం చూపించడంలో పడి నన్ను నేను వినడం ఎప్పుడు మానేశానో నాకు తెలియదు. కుమార్ గొంతు గురించి ఇంకెవరైనా అని ఉంటే గిటారు తీసి పెట్టెలో పెట్టేవాడు. ఆ రోజు తిట్లు తింటూ పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. ఒక పూటంతా రెడ్డెప్ప మమ్మల్ని వాయించి వదిలాడు.

తర్వాతి ప్రోగ్రాము పుంగనూరులో, సాయంత్రం. కుమార్ కొత్త పాటలో ఒక చోట వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. అతనొక్కడే ఒక పంక్తి చాలా మెల్లగా పాడాలి. పంక్తి చివర డ్రమ్మూ బేసూ కలిసి పడాలి. అటువంటి చోట్ల రెండేళ్ళుగా భుజం దించి చూపించేది నేనే. అంత మెల్లటి గొంతు రెడ్డెప్పకు చేరేది కాదు. బాగైందని డాక్టరమ్మ చెప్పినా, సాధనలో చూసినా, జనం ముందు నా భయం పోలేదు.

ఆ చోటు వచ్చింది. కుమార్ పాడుతున్నాడు. నా భుజం దానంతటదే దిగబోయింది. బలవంతంగా ఆపుకున్నాను. ఎక్కడ రెడ్డెప్ప ముఖం చూస్తానో, ఎక్కడ సైగ చేస్తానో అని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. కుమార్ చివరి అక్షరం ఇంకా గాలిలో ఉండగానే డ్రమ్ము పడింది. పడాల్సిన చోటే పడింది. ఆనందంలో నా చేయి కదలడం మర్చిపోయింది.

"నిద్రపోతాండావా అప్పా? వాయించు!" అని డ్రమ్ముల మీది నుంచి రెడ్డెప్ప అరుపు వినపడింది.

వాయించాను. కళ్ళు తెరవకుండా, అంతమంది ముందు ఏడుస్తూ వాయించాను.